పదకొండు అడుగులు

"అడిగారు గనుక చెబుతున్నాను గాని, నాకు నేనుగా ఈ ప్రస్తావన తెచ్చేవాణ్ణి కాను. తేవాలంటే ఓపిక ఉండాలి. ఉన్న ఓపికంతా ఈ బోల్టులకే ధారపోశాను," అంటూ జనార్ధనరావు గారు గరాజ్‌లోని మడత కుర్చీలో వెనక్కి వాలారు.

నిజానికి అడిగిన సంగతి వేరు. "అంకుల్, లైసెన్సు ఇవాళ్టితో ఆఖరు కదా. ఇవాళైనా కారును ఒక రౌండ్ తిప్పుతారా?" అని పక్కింటి దీక్షిత్ అడిగాడు. కంటి డాక్టరు ఇచ్చిన రిపోర్టు ప్రకారం రావు గారు సోమవారం ఉదయం తన కార్డును కౌంటరులో అప్పగించాలి. ఆ తర్వాత ఆయన ఏ స్టీరింగు ముందూ కూర్చోవడానికి వీల్లేదు. కెనడాలోని విన్నిపెగ్‌లో ఆ వీధిలో ఉన్న తెలుగువారందరికీ ఈ సంగతి తెలుసు. అందుకే ఆ ఆదివారం సాయంత్రం టీ వేళకు దీక్షిత్ తన తల్లి ఈశ్వరమ్మను కూడా చెయ్యి పట్టుకొని వెంటబెట్టుకు వచ్చాడు.

గరాజ్ తలుపు పైకెత్తి ఉంది. మే నెల సగం గడిచినా, ఎండ తగలని మూలన శీతాకాలపు చివరి మంచు ముద్ద ఒకటి నల్లగా కరుగుతోంది. మధ్యలో, ముక్కు వీధివైపు పెట్టుకొని, ఎర్రటి కారు. 1990లో జపాన్‌లో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. స్టీరింగు కుడివైపు. ముందు దీపాలు కనురెప్పల్లా మూసుకొని ఉంటాయి. మీట నొక్కితే పైకి లేస్తాయి. దాని పక్కన ఫ్లాస్కులో టీ, పళ్ళెంలో చేగోడీలు, వాటిని అందిస్తూ రావు గారి భార్య వాసంతి గారు.

ముప్ఫై ఒక్క సంవత్సరాల పాటు వంతెనలు తనిఖీ చేసి రిటైరైన ఇంజినీరు రావు గారు. నడుముకు కొలత టేపు తగిలించుకొనే అలవాటు ఇంకా పోలేదు. దానిని ఒకసారి తడుముకొని, దీక్షిత్ ప్రశ్నను మర్యాదగా పక్కన పెట్టారు.

"మొదట బోల్టు సంగతి వినండి. వీరు జపాన్ నుంచి ఓడ దిగి, రైలెక్కి, మన ఇంటికి వచ్చిన కొత్తలో..."

"వీరెవరు నాయనా?" అంది ఈశ్వరమ్మ.

"కారమ్మా. ముప్ఫై ఏళ్ళు నిండిన వారిని నేను ఏకవచనంలో సంబోధించను."

"నాకు నలభై రెండు అంకుల్. నన్ను 'ఏరా' అంటారు."

"నీ రిపేరు ఇంకా మొదలు కాలేదురా. విను. వెనక చక్రం దగ్గర ఒక బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఈ ఊళ్ళో మూడు వర్క్‌షాపుల వాళ్ళు వచ్చి చూశారు. ఒకాయన మంట పెట్టాలన్నాడు, ఒకాయన కోసెయ్యాలన్నాడు, మూడో ఆయన టోపీ తీసి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. నేను సుత్తి ఎత్తలేదు. ఎత్తే శక్తి లేక కాదు, ఎత్తాలనిపించలేదు. వాసంతి వంటింట్లోంచి నువ్వుల నూనె తెచ్చి, పూటకొకసారి చొప్పున మూడు రోజులు రాశాను. రాసి, పక్కనే కుర్చీ వేసుకొని పేపరు చదువుకున్నాను. నాలుగో రోజు పొద్దున స్పానరు తగిలించానో లేదో, నిద్ర లేచిన పసిపిల్లలా ఇటు తిరిగింది."

"అది జరిగింది," అన్నారు వాసంతి గారు, టీ పోస్తూ. "నూనె సీసా ఖాళీ అయిన మాట వాస్తవం."

"చూశారా, సాక్ష్యం ఉంది. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిగతా బోల్టులకు కబురు చేరింది. ఎలా చేరిందని నన్నడగకండి, ఇనుముకు ఇనుముకు మధ్య ఏ రాయబారాలు నడుస్తాయో మనకేం తెలుసు. మరునాడు నేను గరాజ్ తలుపు ఎత్తేసరికి నూట పద్దెనిమిది బోల్టులు తమంతట తామే ఊడి, ఒక్కొక్కటి తన వాషరును తాను మోసుకొని, పొట్టివి ముందు పొడుగువి వెనక, బడి పిల్లల్లా వరుస కట్టి నిలబడి ఉన్నాయి. 'కూర్చోండి నాయనా' అన్నాను. ఏమనగలను? అప్పటికే అలసిపోయి ఉన్నాను."

"కూర్చున్నాయా అంకుల్?"

"కూర్చున్నాయి. ఒక్కటి మాత్రం కూర్చోలేదు. అది కొలంబో మీదుగా వచ్చిన నకిలీ బోల్టని అప్పుడే కనిపెట్టాను. అది అలా ఉంచండి. ఇంజను విప్పాను. విప్పితే ఏముంది, పై మూతకూ కింది భాగానికీ మధ్య ఉండవలసిన గాస్కెట్టు పొడి పొడిగా రాలిపోయింది. అది దొరకదు. జపాన్‌లో లేదన్నారు, ఆస్ట్రేలియాలో లేదన్నారు, దుబాయ్‌లో ఒకాయన ఉందని చెప్పి నాలుగు నెలలు తిప్పి లేదన్నాడు. అంతా వెతికి వెతికి విసిగి, ఒక పూట అన్నానికి కూర్చుంటే, ఎదురుగా పొయ్యి మీద కుక్కరు. ఐదు లీటర్లది. దాని మూతకు రబ్బరు. కొలిచాను." ఆయన నడుము టేపును తట్టారు. "వెంట్రుకవాసి తేడా లేదు."

"ఓహో, ఆ నెలంతా కందిపప్పు ఉడక్క పంటికింద రాళ్ళలా తగిలితే, ఈ ఊరి నీళ్ళు మంచివి కావన్నారు గదండీ!"

"నీళ్ళూ మంచివి కావు వాసంతీ. ఆ సంగతి వేరు. రబ్బరు బిగించి స్టార్ట్ చేశాను. ఆ రోజునుంచి నేటివరకూ వీరి ఇంజను వేడి చూడటానికి ముల్లుతో పనిలేదు. మూడు విజిల్స్ వస్తే గేరు వేసుకోవచ్చు. నాలుగోది వచ్చిందంటే మాడుతున్నట్టు లెక్క. ఒకసారి నేను ఫోనులో మాట్లాడుతూండగా నాలుగో విజిల్ రానిచ్చాను. వీధి వీధంతా పోపు వాసన. ఎదురింటి కెనడియన్ దొరగారు గిన్నె పట్టుకొని వచ్చాడు."

ఈశ్వరమ్మ చేగోడీ నమలడం ఆపి నవ్వింది. "గిన్నెలో ఏం పోశావు నాయనా?"

"ఇంజన్ ఆయిలు అప్పుడే మార్చి ఉన్నాను. అది పోద్దామనుకున్నాను, మర్యాద కాదని ఊరుకున్నాను." ఆయన కళ్ళు మూసుకొని, రెండు వేళ్ళతో రెప్పలు ఒత్తుకున్నారు. "ఆ మోత ఎంత దూరం వెళ్ళిందనుకున్నారు? వీరిని తయారు చేసిన కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన జపాన్ నుంచి ఫోన్ చేశాడు. తొంభై మూడేళ్ళవాడు. 'ఆ శబ్దం కోసమే మేము పన్నెండేళ్ళు ప్రయత్నించి, రాక, మానుకున్నాం. మీరెవరు?' అన్నాడు. 'కాకినాడలో కారు నేర్చుకున్నవాణ్ణి' అన్నాను. అవతల ఫోను పట్టుకొని ఆయన లేచి నిలబడిన చప్పుడు నాకు వినిపించింది. వాళ్ళకు మర్యాద ఎక్కువ."

"మరి నడిపిందెప్పుడు అంకుల్? అది చెప్పండి," అన్నాడు దీక్షిత్. వాడి చూపు గోడ గడియారం మీదికి వెళ్ళి వచ్చింది. ఐదూ ఇరవై.

"అక్కడికే వస్తున్నాను, తొందరపెట్టకు. తొందరపడే వయసు నాది, నీది కాదు. వాన్ నగరం తెలుసుగా, టొరంటోకు ఆనుకొని ఉంటుంది. అక్కడ మా తమ్ముడు కిరీటి ఇల్లు కొన్నాడు. జనవరిలో గృహప్రవేశం. ఉదయం తొమ్మిదీ పన్నెండుకు ముహూర్తం. ముందు రోజు రాత్రి ఫోన్ చేసి, 'అన్నయ్యా, ఆవకాయ లేదు' అన్నాడు. మామూలు మాటే గాని, ఆ గొంతులో ఉన్న దైన్యం నేను భరించలేకపోయాను. విమానాలు రద్దు. బయట మైనస్ నలభై ఏడు. ఇక్కణ్ణుంచి వాన్ రెండువేల రెండువందల కిలోమీటర్లు. అలసిపోయి ఉన్నాను, నిజం చెబుతున్నాను, పడుకుందామనే అనుకున్నాను. అయినా లేచి, తెల్లవారుజామున నాలుగింటికి జాడీని ఎడమ సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టాను."

"జాడీకా?" అంది ఈశ్వరమ్మ.

"జాడీకే. ఇక్కడ చట్టం కఠినం. బయల్దేరాను. కెనోరా చేరేవరకూ బాగానే ఉంది. అక్కడ టీ తాగుదామని ఐదు నిమిషాలు ఆపి, తిరిగొచ్చి స్టార్ట్ చేస్తే వీరు కదలరు. ఇంజను బాగుంది, చక్రాలు బాగున్నాయి, కదలరు. దిగి చూస్తే ఏముంది? వీధి దీపం కింద పడిన కారు నీడ రోడ్డుకు గడ్డకట్టుకుపోయింది! నీడ వదిలితే గదా బండి కదిలేది. అద్దం గీకే బద్ద తీసి, వంగి, నీడ చుట్టూ అంగుళం అంగుళం గీకాను. నడుము పోయింది. అంత గీకినా వెనక బంపరు నీడ ఒక జానెడు అక్కడే ఉండిపోయింది. కావాలంటే వెళ్ళి చూసుకోండి, ఈ వేసవిలోనూ అక్కడ చల్లగా ఉంటుంది."

వాసంతి గారు ఆయన కప్పులో ఇంకొంచెం టీ పోశారు.

"థండర్ బేలో కాఫీకి ఆగాను. కారులోంచే కాఫీ తీసుకొనే కిటికీ ఎడమవైపు, నేను కూర్చొనేది కుడివైపు. జాడీ చేయి చాచలేదు గదా! అందుకని రివర్సులో వెళ్ళి తీసుకున్నాను. మళ్ళీ గేరు మార్చే ఓపిక లేక రివర్సులోనే ఊరు దాటేశాను. అక్కడ ఒక దుప్పి ఎదురొచ్చింది. దుప్పి అంటే మన అడవి దుప్పి కాదు, ఇక్కడి మూసు, ఏనుగుకు తమ్ముడు. రోడ్డుకు అడ్డంగా నిలబడింది. నేను దీపాల రెప్పలు ఎత్తి దించాను. అది కూడా కళ్ళు ఎత్తి దించింది. మళ్ళీ ఎత్తి దించాను. అది సిగ్గుపడి దారి ఇచ్చింది. ఇప్పటికీ ఆ దారిన వెళ్ళే ప్రతి ఎర్ర కారునూ పలకరిస్తుందని విన్నాను. పాపం, అమాయక ప్రాణి."

"ముహూర్తానికి అందుకున్నారా అంకుల్?"

"ఏడున్నరకే అందుకున్నాను. పాలు పొంగకముందే ఆవకాయ వడ్డించాను. ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడి గడియారం వేరు, అక్కడి గడియారం వేరు. అటు వెళ్ళేటప్పుడు ఒక గంట పోతుంది, ఇటు వచ్చేటప్పుడు ఒక గంట తిరిగి వస్తుంది. తిరుగు ప్రయాణంలో జాడీ బరువు కూడా లేదు. స్పీడు ముల్లు చివరిదాకా వెళ్ళి, అక్కడ చోటు లేక, అలసి వాలిపోయింది. ఎంత వేగంగా వచ్చానంటే, ఆ తిరిగొచ్చే గంటను దాటి దానికి ముందున్న గంటల్లోకి కూడా దూసుకొచ్చేశాను. ఇంటి ముందు ఆపి చూస్తే ఇంకా నాలుగు కాలేదు. గరాజ్‌లో దీపం వెలుగుతోంది. ఎవరా అని చూద్దును గదా, నేనే! ముక్కాలిపీట మీద కూర్చొని బూట్లు తొడుక్కుంటున్నాను. పక్కన జాడీ."

దీక్షిత్‌కు టీ పొలమారింది.

"ఏం చేశావు నాయనా?" అంది ఈశ్వరమ్మ, కర్ర మీదికి వంగి.

"ఏం చేస్తానమ్మా, దారి ఇచ్చాను. వయసులో నాకంటే ఒక పూట చిన్నవాడు, కానీ బయల్దేరే ఉత్సాహంలో ఉన్నాడు. 'వెళ్ళకు, నడుము పోతుంది' అని చెబుదామనుకున్నాను. చెబితే వినే రకం కాదు, నాకు తెలుసు గదా. 'కెనోరాలో వీధి దీపం కింద ఆపకు' అని మాత్రం చెప్పి, లోపలికి వెళ్ళి పడుకున్నాను."

"ఇద్దరికీ టీ నేనే పెట్టానా?" అన్నారు వాసంతి గారు.

"నువ్వు నిద్రలో ఉన్నావు. లేపలేదు."

చేగోడీల పళ్ళెం ఈశ్వరమ్మ ఒడిలో ఉంది. నవ్వుతూ కదిలేసరికి ఒక చేగోడీ జారి, దొర్లి, కారు కిందికి పోయింది. "అయ్యో, చీమలు పడతాయి," అంటూ ఆమె కర్రతో ముందు చక్రం దగ్గర తడిమింది. చేగోడీ రాలేదు. చక్రానికి ఆనుకొని ఉన్న మరొకటేదో కర్ర కొసకు తగిలి, టకటకమని దొర్లుకుంటూ వెలుతురులోకి వచ్చింది. గోధుమరంగు తిరిగి, ముడతలు పడి, రాయిలా గట్టిపడింది. వక్కకంటే కాస్త పెద్దది. ఆమె దాన్ని తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది.

"నిమ్మకాయ," అంది. "బొట్టు కూడా ఉంది."

దీక్షిత్ వంగి చూశాడు. ఒక్కొక్క చక్రం ముందు ఒక్కొక్కటి. కొత్త బండికి పూజ చేసి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, వాటిని తొక్కించి బండిని బయటికి తీయడం వాడికి తెలియనిది కాదు. వాడు ఏదో అనబోయి మానుకున్నాడు.

ఈశ్వరమ్మ మానుకోలేదు. ఆమె గొంతులో ఎగతాళి లేదు. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి లెక్క సరిచూసుకుంటున్నట్టుగా అడిగింది. "ఏం నాయనా, వానూ కెనోరాలూ తిరిగొచ్చిన బండి కింద నిమ్మకాయ చితకలేదేం?"

జనార్ధనరావు గారు కప్పు కింద పెట్టారు. పెట్టిన చోటు సరిగా లేదన్నట్టు మళ్ళీ ఎత్తి, ఇంకోచోట పెట్టారు.

"ఆరేళ్ళ కిందటి పూజ పిన్నిగారూ," అన్నారు వాసంతి గారు చివరికి. "కారు వచ్చి తొమ్మిదేళ్ళు. మూడేళ్ళలో పూర్తిగా బాగుచేశారు. అది మాత్రం కోతలు కొయ్యడం కాదు, ఈ చేతులతోనే చేశారు. పూజారి గారు వచ్చి హారతి ఇచ్చి వెళ్ళారు. నేను గాలికి జుట్టు చెదరకుండా స్కార్ఫ్ కట్టుకొని ఆ ఎడమ సీట్లో కూర్చున్నాను. ఈయన స్టార్ట్ చేశారు, విన్నారు, ఆపేశారు. 'చిన్న పని ఉంది, దిగు' అన్నారు. ఆ చిన్న పని ఇంకా అవుతోంది. ప్రతి ఆదివారం స్టార్ట్ చేస్తారు. వింటారు. ఆపేస్తారు. ఏడాదికోసారి ఆయిలు, పోసింది పోసినట్టే తేటగా ఉండగానే మారుస్తారు. టైర్లు ఒకేచోట నొక్కుకుపోకుండా నెలకోసారి జాకీతో లేపి, చేత్తో పావు చుట్టు తిప్పి దించుతారు. నిమ్మకాయలు కదలకుండా."

"ఎందుకంకుల్?" అన్నాడు దీక్షిత్ మెల్లగా.

"ఎందుకంటే..." రావు గారు కారు వైపు చూడలేదు, బయట కరుగుతున్న మంచు ముద్ద వైపు చూశారు. "ముప్ఫై ఒక్క ఏళ్ళు సుత్తితో తట్టి వంతెనలు విన్నాను దీక్షిత్. నేను సంతకం పెడితేనే వాటి మీద బస్సులు నడిచేవి. ఇంకొకరు కట్టినదాంట్లో తప్పు నాకు ఇట్టే వినిపించేది. ఇది నేను కట్టినది. ఆరేళ్ళుగా వింటున్నాను. ఏ తప్పూ వినిపించదు. వినిపిస్తే విప్పి సరిచేసేవాణ్ణి. వినిపించకపోతే, లేదనుకోవాలా, నాకు వినిపించడం లేదనుకోవాలా? పక్క సీట్లో ఈవిడ కూర్చొని ఉండగా?" ఆయన నడుము టేపును తడుముకున్నారు. "చేయడం వల్ల రాలేదు ఈ అలసట. ఎప్పుడో ముగిసినదాన్ని ముగించకుండా పట్టుకొని ఉండటం వల్ల వచ్చింది. అందుకే రోడ్డు మీద చేయవలసిన ప్రయాణమంతా ఈ కుర్చీలో కూర్చొని చేశాను. నన్ను క్షమించండి."

గడియారంలో ఐదూ నలభై. ఈశ్వరమ్మ నిమ్మకాయను కొడుకు చేతిలో పెట్టింది.

"ఉన్నచోట పెట్టిరా," అంది. "బొట్టు పైకి ఉండాలి."

వాడు వంగి పెట్టాడు. లేచి చూసేసరికి వాసంతి గారు లేరు. రెండు నిమిషాల తర్వాత ఇంట్లోంచి వచ్చారు, తలకు నీలంరంగు స్కార్ఫ్ కట్టుకొని. నేరుగా వెళ్ళి ఎడమ తలుపు తీసి, కూర్చొని, బెల్టు పెట్టుకున్నారు. భర్త వైపు చూడనైనా లేదు.

రావు గారు లేచారు. కారు చుట్టూ ఒకసారి నడిచారు. వంగి నాలుగు చక్రాలూ చూశారు. గుడ్డ తీసి కళ్ళద్దాలు తుడుచుకొని, కుడివైపు కూర్చున్నారు. దీక్షిత్ డ్రైవ్‌వే చివరికి వెళ్ళి, రోడ్డుకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు.

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. కుక్కరు మోత కాదు; పెద్దవాళ్ళు గొంతు సవరించుకున్నట్టు, తక్కువ స్థాయిలో నిలకడైన శబ్దం. రావు గారు తల కొద్దిగా వంచి విన్నారు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఆయన చెయ్యి తాళంచెవి మీదికి, దాన్ని ఆపడానికి వెళ్ళే పాత దారిలో, మెల్లగా వెళ్ళసాగింది.

ఈశ్వరమ్మ కుర్చీలోంచే గట్టిగా అడిగింది. "విజిల్ కోసం చూస్తున్నావా నాయనా?"

ఆయన కిటికీలోంచి ఆమె వైపు తిరిగారు. "ఇంకా రాలేదమ్మా."

"మూడూ వచ్చాయి. నేను విన్నాను. కదుపు."

ఆయన చెయ్యి తాళంచెవి దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి గేరు మీదికి వెళ్ళింది.

కారు కదిలింది. నాలుగు చక్రాల కింద నాలుగు పటుక్కులు, ఎండు మిరపకాయలు విరిచినట్టు. కారు టక్కున ఆగింది.

"ఏమిటా శబ్దం?" అన్నారు రావు గారు. బానెట్ తీసే మీటను వెతుక్కుంటోంది ఆయన చెయ్యి.

"నిమ్మకాయలండీ," అన్నారు వాసంతి గారు. "పోనివ్వండి."

పోనిచ్చారు. నీడలోంచి ఎర్రటి ముక్కు వెలుతురులోకి వచ్చింది, తర్వాత స్కార్ఫ్, తర్వాత వెనక బంపరు. ఏ మీట తగిలిందో, పట్టపగలు దీపాల రెండు రెప్పలూ పైకి లేచాయి, ఎడమది కాస్త ఆలస్యంగా. కారు నీడ దాని వెంటే, ఎక్కడా అతుక్కోకుండా, డ్రైవ్‌వే మీదికి జారింది. అక్కడ ఆయన బ్రేకు నొక్కి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే ఉంచి కూర్చున్నారు. వాసంతి గారు స్కార్ఫ్ ముడి విప్పలేదు.

కొంతసేపటికి ఆయన దిగారు. నడుము టేపు తీసి, దాని కొసను దీక్షిత్‌కు ఇచ్చి, గరాజ్‌లోకి వెళ్ళి, ముందు చక్రం కింద చితికిన నిమ్మతొక్క మీద పట్టుకోమన్నారు. తాను వంగి, ఆ చక్రం ఇప్పుడున్న చోటు వరకు లాగి, కళ్ళద్దాలు నుదుటి మీదికి జరిపి, అంకెను చాలాసేపు చూశారు.

"పదకొండు అడుగులు," అన్నారు.

"పన్నెండు ఉంటాయిలే నాయనా," అంది ఈశ్వరమ్మ. "పన్నెండు అని చెప్పు, ఎవరొచ్చి కొలుస్తారు?"

"లేదమ్మా," అన్నారు జనార్ధనరావు గారు, టేపు చుట్టుకుంటూ. "పదకొండే."